వార్షిక నివేదిక 2024–25: రాత్రి పూట మనకు దొరికిన చోట్లు

సభ్యులందరికీ నమస్కారం.

లండన్‌లోని మన తెలుగు క్వీర్ (స్వలింగ ప్రేమికులు, ట్రాన్స్‌జెండర్లు వంటి) మిత్రుల సంఘం ఈ ఏడాది సమావేశాలు జరిపింది, సంక్రాంతికి అందరికీ భోజనాలు పెట్టింది, వీసా కాగితాలతో తలపట్టుకున్న వాళ్ల పక్కన కూర్చుంది. ఆ వివరాలన్నీ మినిట్స్ పుస్తకంలో ఉన్నాయి, మళ్ళీ రాయను. నెలకోసారి మనం కలిసి క్వీర్ క్లబ్బులకు వెళ్లిన రాత్రుల గురించి మాత్రం కాస్త వివరంగా రాయాలి. "క్లబ్బులకు వెళ్లడం కూడా సంఘం పనేనా అమ్మా?" అని పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాల్సింది కార్యదర్శిగా నేనే.

సెప్టెంబరులో గుంటూరు వైపు నుంచి చదువుకోవడానికి వచ్చిన ఒక తమ్ముడు మొదటిసారి మాతో బయల్దేరాడు. తలమీది టోపీ తీయలేదు. తెలిసినవాళ్లెవరైనా కనిపిస్తారేమోనని దారంతా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు. క్లబ్బులో వచ్చినవాళ్ల చలికోట్లు తీసి దాచే చోట కూర్చున్న పెద్దావిడ అతని చేతులు వణకడం గమనించినట్టుంది. కోటు తీసుకుని, టోకెన్ అతని అరచేతిలో పెట్టి, వేళ్లు తనే మూసింది. "వెళ్ళు నాన్నా, నీ కోటు నేను చూసుకుంటా" అన్నట్టుంది ఆ చూపు. బార్ దగ్గర మంచినీళ్లు అడిగితే, ఐసు, నిమ్మచెక్క వేసి పొడుగు గ్లాసులో ఇచ్చారు. డబ్బులు తీసుకోలేదు, తాగవా అని అడగలేదు.

అర్ధరాత్రి దాటాక డీజే హిందీ పాటలు, భాంగ్రా ఆపి తీన్‌మార్ దెబ్బ వేసింది. టోపీ ఎప్పుడు తీశాడో నేను చూడలేదు. తిరిగి వచ్చేటప్పుడు ట్యూబ్ రైల్లో అన్నాడు: "ఊళ్ళో నిమజ్జనానికి ఆడేటప్పుడు కూడా నడుము ఎక్కువ ఊగుతోందేమోనని చూసుకునేవాణ్ణి అక్కా. ఈరోజు చూసుకోలేదు."

పెద్దాయనకు నా జవాబు ఇదే.

ఇలాంటి రాత్రులు వాటంతట అవి రాలేదు. 1995లో డీజే రీతు, రీటా అనే ఇద్దరు ఉత్తర లండన్‌లోని టఫ్‌నెల్ పార్క్‌లో క్లబ్ కాళి మొదలుపెట్టారు. హిందీ పాటకు, భాంగ్రాకు మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో చీరల్లో, షేర్వానీల్లో ఆడే చోటు అది. క్వీర్‌గా ఉండాలంటే మన పాట, మన బట్ట ఇంట్లో వదిలి రానక్కర్లేదని చూపించారు. ఆ బాట వేసినవాళ్ల పేర్లు మన కొత్త సభ్యులకు తెలియాలి.

చోట్లు మాత్రం తగ్గిపోయాయి. 2006లో లండన్‌లో నూట ఇరవైకి పైగా ఉన్న క్వీర్ పబ్బులు, క్లబ్బులు 2017 నాటికి యాభై చిల్లరకు పడిపోయాయి. అద్దెలు పెరిగాయి, పాత భవనాలు కూల్చి ఫ్లాట్లు కట్టారు. రాయల్ వాక్సాల్ టావెర్న్ అనే పాత క్వీర్ పబ్బును కాపాడుకోవడానికి అక్కడికి వచ్చేవాళ్లే నిలబడ్డారు, 2015లో దాన్ని రక్షిత కట్టడంగా గుర్తించారు. ఒక పబ్బు కోసం ఇంత ఆరాటం ఎందుకంటే, వారమంతా నోరు మూసుకుని బతికేవాళ్లకు నోరు విప్పే చోటు అదొక్కటే కాబట్టి.

ఏప్రిల్ 30న సోహోలో, ఓల్డ్ కాంప్టన్ స్ట్రీట్‌లోని అడ్మిరల్ డంకన్ అనే క్వీర్ పబ్బు ముందు పూలు పెట్టాం. 1999లో అదే రోజున అక్కడ ఒకడు పెట్టిన మేకుల బాంబు పేలి ముగ్గురు చనిపోయారు. దానికి ఆరు రోజుల ముందు అదే మనిషి మన దక్షిణాసియా వాళ్లుండే బ్రిక్ లేన్‌లోనూ బాంబు పెట్టాడు, అంతకుముందు వారం నల్లజాతివాళ్లుండే బ్రిక్స్‌టన్‌లో. బ్రిక్ లేన్ మనదే, ఓల్డ్ కాంప్టన్ స్ట్రీటూ మనదే. ఆ రోజు అక్కడ నిలబడ్డప్పుడు మా ఎవరికీ మాట పెగల్లేదు.

అన్ని తలుపులూ ప్రేమగా తెరుచుకోలేదు. ఒక చోట మన ట్రాన్స్ సోదరి గుర్తింపు కార్డు మీద పాత పేరు చూసి, గేటు దగ్గర అందరికీ వినిపించేలా ఆ పేరుతో రెండుసార్లు పిలిచారు. ఆమె ఒక్కతే కాదు, మేమంతా వెనక్కి వచ్చేశాం. ఉత్తరం రాశాం, జవాబు రాలేదు. అక్కడికి మళ్ళీ వెళ్లం. ఆ రాత్రి మాకు టీ పోసి కూర్చోబెట్టింది వీధి చివర చిన్న బారు. అక్కడివాళ్లు ముందు "మిమ్మల్ని ఏమని పిలవాలి?" అని అడిగారు. ఆమె తన పేరు చెప్పింది. ఆపైన రాత్రంతా ఆ పేరే.

ఖర్చుల సంగతి. టికెట్లు ఎవరివి వాళ్లే కొనుక్కున్నారు. విద్యార్థులకు మాత్రం సంఘం ఇచ్చింది. తెల్లవారుజామున ఒంటరిగా వెళ్లాల్సినవాళ్లకు టాక్సీ డబ్బు కూడా మన నిధి నుంచే. కోశాధికారి లెక్కలు విడిగా పంపుతారు. తాగనివాళ్లకు, శబ్దం పడనివాళ్లకు పగటి పూట కాఫీ కలయికలు కావాలని కొందరు అడిగారు. అవి జనవరిలోనే మొదలుపెట్టాల్సింది, ఆలస్యం నాదే. వచ్చే నెల నుంచి ఉంటాయి.

మొదటిసారి వచ్చేవాళ్లు ముందుగా నాకొక్క మాట చెప్పండి. పేరు చెప్పనక్కర్లేదు. మూడో శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకు స్టేషన్ మెట్లు ఎక్కగానే పసుపు చున్నీ వేసుకుని నిలబడి ఉంటాను. మీరు వచ్చేదాకా కదలను.

కార్యదర్శి