ఎలుగు కనిపించకపోతే నష్టమేంటి?

ఎడిటర్ గారికి నమస్కారం.

యూరప్‌లో ఓ పార్కులో ఎలుగుబంట్లు చలికాలం నిద్ర కోసం గూళ్లలోకి గడ్డి మోసుకెళ్తున్న ఫోటో మీ ఆదివారం పేజీలో వేశారు. ఫోటో బాగుంది. కింద రాసిన నాలుగు లైన్లలో మాత్రం సగం, వసంతం దాకా సందర్శకులకు నిరాశే అన్న బాధ. నా అభ్యంతరం అక్కడే.

అలాంటి పార్కుల్లో ఉండే ఎలుగులు ఎక్కడి నుంచి వచ్చాయో ఒక్క ముక్క రాయాల్సింది. బల్గేరియాలో రిలా పర్వతాల్లో బెలిత్సా దగ్గర ఒకటుంది, ఫోర్ పాస్ అనే సంస్థ, బ్రిజిట్ బార్డో ఫౌండేషన్ కలిసి 2000లో పెట్టాయి. ముక్కుకు రింగు తగిలించి, పళ్లు పీకేసి, వీధుల్లో ఆడించిన ఎలుగులవి, మన దగ్గర కలందర్లు ఆడించినట్టే. అక్కడ చివరివాటిని 2007లో విడిపించారు, మన దేశంలో 2009లో. పెద్ద తేడా ఏం లేదు!

అడవిలో ఎలుగు పడుకునేది ముఖ్యంగా ఆ నెలల్లో తిండి దొరకదు కాబట్టి, చలి ఒక్కటే కారణం కాదు. చలికి ముందు తెగ తిని ఒళ్లు చేస్తుంది, తర్వాత నెలల తరబడి తిండీ నీళ్లూ లేవు, మలమూత్రాలు కూడా ఉండవు. గుండె నిమిషానికి పదిసార్లు కొట్టుకునేంతకు తగ్గిపోతుంది, ఒంటి వేడి మాత్రం కొద్ది డిగ్రీలే పడిపోతుంది. మనం అన్నాళ్లు మంచం దిగకపోతే కాళ్లు పనికిరాకుండా పోతాయి, అది మాత్రం వసంతంలో లేచి నడుచుకుంటూ వెళ్లిపోతుంది. ఆడ ఎలుగైతే ఆ గూట్లోనే పిల్లల్ని కని, పాలిచ్చి, సాకుతుంది కూడా.

బోనులో ఎలుగుకు ఏడాది పొడవునా టైముకు తిండి వస్తుంటే పడుకోవాల్సిన అవసరమేంటి? పడుకుందామన్నా కింద కాంక్రీటు, తవ్వడానికి మట్టి ఉండదు. పైగా టికెట్ కొన్నవాళ్లకు కనపడాలి కాబట్టి అది మేలుకుని ఉంటేనే అందరికీ బాగుంటుంది, దానికి తప్ప. బెలిత్సా లాంటి చోట్ల దీన్ని తిరగేశారు. చలి ముదిరేకొద్దీ మేత తగ్గిస్తూ వస్తారు, గడ్డి, కొమ్మలు, ఎండుటాకులు అందుబాటులో ఉంచుతారు, మిగతాది దాని ఇష్టం. కొన్ని సొంతంగా తవ్వుకుంటాయి, కొన్ని మనుషులు కట్టిన గూట్లోనే గడ్డి సర్దుకుంటాయి. అన్నీ పడుకోవు, పడుకున్నవి కూడా మధ్యలో లేచి కాసేపు తిరిగి మళ్లీ లోపలికి పోతుంటాయి. పిల్లప్పుడే తల్లి నుంచి లాక్కొచ్చి ఏళ్ల తరబడి గొలుసుకు కట్టేసిన జంతువు, ఎవరూ నేర్పకుండానే ఒక నవంబర్లో గడ్డి ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లిందంటే అంతకంటే వార్త ఏముంటుందండీ? మీరేమో అది కనపడదని రాశారు.

ఇక మన సంగతి. మన తెలుగు రాష్ట్రాల అడవుల్లో ఎలుగుకు ఈ చలికాలం నిద్ర లేదు, చెదలో, పళ్లో, ఇప్పపువ్వో ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో తిని బతుకుతుంది. కానీ అది ఎక్కువగా పగలు బండల సందున పడుకుని చీకటి పడ్డాక తిరిగే జంతువు, జూ తెరిచి ఉండేదేమో పగలు. సంక్రాంతి సెలవుల్లో ఏ జూకైనా వెళ్లి చూడండి, మూలన పడుకున్న ఎలుగును లేపడానికి ఈలలు, కేకలు, చప్పట్లు, కుంభకర్ణుణ్ని లేపడానికి రాక్షసులు కూడా అంత కష్టపడి ఉండరు. పిల్లల్ని భుజాన ఎక్కించుకున్న నాన్నలే ముందు మొదలుపెడతారు. జూలో జంతువుల్ని ఇలా సతాయించడం వన్యప్రాణి చట్టం 38జె సెక్షన్ కింద నేరమని ఎంతమందికి తెలుసు? ఎన్‌క్లోజర్ ముందు పెద్ద అక్షరాలతో ఆ మాట రాసి, సెలవు రోజుల్లోనైనా ఒక గార్డును నిలబెడితే చాలావరకు తగ్గుతుంది. జనానికి అస్సలు కనపడని చోటు కూడా ప్రతి ఎలుగుకు ఒకటి ఉండాలి, పగలంతా దానికి అందులోకి వెళ్లే దారి తెరిచి ఉంచాలి.

ఇంకొకటి. హైదరాబాద్ నెహ్రూ జూలో హిమాలయాల నల్ల ఎలుగులు కూడా ఉన్నాయి. కాశ్మీర్‌లో దాచిగాం నేషనల్ పార్కులో ఈ జాతివి మంచు కురిసే నెలల్లో పడుకుంటాయి. ఇక్కడ మంచూ లేదు, తిండికి కరువూ లేదు, కాబట్టి పడుకోకపోయినా ప్రాణానికేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ అంత దట్టమైన బొచ్చుతో మన మే నెల ఎండల్లో ఎందుకు ఉండాలి, కూలర్లు, నీళ్ల తొట్లు పెట్టి ఎన్నాళ్లు నెట్టుకొస్తాం? ఉన్నవాటిని బాగా చూసుకోండి, ఎక్కడికీ పంపమనడం లేదు. కానీ ఇకపై జంతువుల మార్పిడి పేరుతో కొత్తవి తేబోమని రెండు రాష్ట్రాల అటవీ శాఖలు చెప్పాలి, ఆ విషయం మీ విలేకరులు వెళ్లి అడగాలి.

— ఒక పాఠకురాలు, సికింద్రాబాద్