తక్కువ ఖర్చులో బండి పెయింటింగ్: ఈ నెల నుంచి మా షాపులో పని ఇలా

అన్నలకు, తమ్ముళ్లకు నమస్తే. దసరా దగ్గర పడుతుంటే పాత స్ప్లెండర్లు, ప్యాషన్లు వరుస కడుతున్నాయి. "రెండు వేలల్లో బండి మొత్తం చేసియ్యరాదే" అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాం.

ఆ డబ్బుకు బండి మొత్తం కొట్టాలంటే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటే దిక్కు. అది ఎంత ఆరినా పెట్రోలు, థిన్నర్ తగిలితే మళ్లీ కరుగుతుంది. ట్యాంకు మూత చుట్టూ పెట్రోలు ఒలికిన చోట ముందు మెరుపు పోతుంది, తర్వాత జిగటయి ఊడుతుంది. ఈ నెల నుంచి ట్యాంకుకు ఎన్‌సీ కొట్టడం ఆపేశాం. హార్డెనర్ (రంగును గట్టిపరిచే మందు) కలిపే టూకే పీయూ, అంటే రెండు డబ్బాలవి కలిపి కొట్టే పాలీయురేథేన్ రంగు, మాత్రమే కొడతాం. ట్యాంకుకు 1,400, రెండు సైడ్ కవర్లకు 700. చొట్టలుంటే డెంటింగ్ వేరే.

చేతిలో డబ్బు తక్కువుంటే పార్టులు తగ్గించుకోండి, కింద పొరలు తగ్గించమనకండి. చూపు పడేది ట్యాంకు, సైడ్ కవర్ల మీదే. చైన్ కవర్, వెనక మడ్‌గార్డ్ ఇంట్లోనే 320 నంబరు గరుకు పేపర్‌తో రుద్ది నల్ల స్ప్రే డబ్బా కొట్టుకున్నా నడుస్తుంది. కానీ మామూలు స్ప్రే డబ్బాలో హార్డెనర్ ఉండదు కాబట్టి ట్యాంకు మీదికి దాన్ని తీసుకురావద్దు.

ఖర్చు తగ్గే దారి ఇంకొకటుంది. మెటాలిక్ రంగుకు బేస్ కోటు (రంగు పొర) వేసి, దాని మీద క్లియర్ (రంగులేని మెరుపు పొర) వేయాలి. సాదా నలుపైతే పీయూలోనే మెరుపు వస్తుంది, వేరే క్లియర్ అక్కర్లేదు. అయితే నలుపులో చిన్న అల కూడా దాగదు, పుట్టీ పని శుభ్రంగా ఉండాలి. ఆర్సీలో ఉన్న రంగే కొట్టించుకుంటే ఆర్టీఏ ఆఫీసు చుట్టూ తిరిగే పని కూడా తప్పుతుంది. రంగు మారిస్తే ఆర్సీలో ఎక్కించుకోవాల్సిందే.

పుట్టీ 100 గ్రాములకు హార్డెనర్ 2 గ్రాములు. తొందరగా ఆరాలని ఎక్కువ కలిపితే ఆ మరక తర్వాత రంగులోంచి పసుపుగా పైకి తేలుతుంది. తక్కువైతే లోపల మెత్తగానే ఉండిపోతుంది. చొట్ట లోతు 3 మిల్లీమీటర్లు దాటితే ముందు లాగించాలి, పుట్టీతో పూడిస్తే పగులుతుంది. చిలుము మీద పుట్టీ పెట్టం. ఇనుము తెల్లగా తేలేదాకా గీకాల్సిందే, లేకుంటే చిలుము లోపల పాకి పొర పొరంతా లేస్తుంది. ట్యాంకు అడుగున పెట్రోలు చెమరుస్తుంటే ముందు వెల్డింగ్ షాపుకు వెళ్లండి, కారే రంధ్రాన్ని పుట్టీ ఆపదు.

అందరూ తేలిగ్గా తీసుకునేది నీళ్లు. మన నల్లగొండ బోరు నీళ్లు బకెట్ అంచున తెల్లగా పొర కడతాయి కదా. ప్రైమర్ (రంగు కింద వేసే పొర) మీద 600, ఆపై 800 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్దాక ఆ నీళ్లు అలాగే ఆరితే ఉప్పంతా అక్కడే ఉంటుంది. పైన రంగు పడ్డాక ఆ ఉప్పు వానాకాలం చెమ్మను లాగుతుంది, రంగు కింద ఆవగింజలంత బుగ్గలు లేస్తాయి. అప్పుడు మళ్లీ ప్రైమర్ దాకా గీకడమే. అందుకే చివరి కడుగు ఆర్వో క్యాన్ నీళ్లతో చేస్తున్నాం. తుడిచి, గాలి కొట్టి, పూర్తిగా ఆరాకే స్ప్రే గన్ పట్టుకుంటాం. ఇంట్లో చేసుకునేవాళ్లు కూడా ఈ క్యాన్ ఖర్చు దగ్గర వెనకాడొద్దు.

సైడ్ కవర్లు ప్లాస్టిక్ కాబట్టి వాటికి ముందు ప్లాస్టిక్ ప్రైమర్ పల్చగా వేయాలి. అది మానేస్తే పాల క్యాన్లు రాసుకున్న చోట రంగు పెచ్చులుగా లేస్తుంది. మామూలు ప్రైమర్ ప్లాస్టిక్‌ను పట్టుకోదు.

క్లియర్ రెండు పాళ్లకు హార్డెనర్ ఒక పాలు, రెండు కోట్లు, మధ్యలో పది పదిహేను నిమిషాల వ్యవధి. స్టిక్కర్ల మీద మొదటి కోటు పల్చగానే పడాలి, తడిగా పడితే స్టిక్కర్ ముడతలు పోతుంది. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, ఊపిరితిత్తులకు చాలా చెడ్డవి. చేతి రుమాలు కట్టుకుంటే ఆగవు, వాటికి తగ్గ ఫిల్టర్ మాస్కు ఉండాలి. కొట్టేటప్పుడు పిల్లల్ని వెంట తీసుకురాకండి.

ముసురు పట్టిన రోజు క్లియర్ కొట్టం. చెమ్మకు రంగు తెల్లగా మసకబారుతుంది, కంప్రెసర్ గాలిలోనూ నీటి బొట్లు వస్తాయి. దేవరకొండ, మునుగోడు వైపు నుంచి వచ్చేవాళ్లు ఫోన్ చేసి బయల్దేరండి.

బండి ఇచ్చే ముందు సర్వీసింగులో షైనర్ కొట్టించకండి. అందులో సిలికాన్ ఉంటే రంగు అక్కడ నిలవక గుండ్రంగా గుంటలు పడుతుంది. ట్యాంకులో పెట్రోలు తీసేసి తీసుకురండి. బండి తీసుకెళ్లాక వారం దాకా షాంపూ వాష్, పాలిష్, ట్యాంకు కవర్ వద్దు. పెట్రోలు ఒలికితే అప్పటికప్పుడే తుడవండి.