కలెక్టర్ గారూ, మా పిల్లల దవడ పళ్లు కాపాడండి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి, నమస్కారం.

ఆరేళ్లకు వచ్చే మొదటి శాశ్వత దవడ పన్నును మా కంచరపాలెంలో చాలామంది పాలపన్నే అనుకుని, పుచ్చినా “ఊడిపోతుందిలే” అని వదిలేస్తున్నారు. అది పోతే మళ్లీ రాదండీ!

దానికి సీలెంట్ అనే రక్షణ పూత వేస్తే బ్రష్ అందని సన్నటి గాడులు మూసుకుపోతాయి. పన్ను శుభ్రం చేసి, జెల్ రాసి, కడిగి, ఆరబెట్టి, పూత పూసి, నీలి లైటు పెడతారు. అంతే. సూది లేదు, డ్రిల్లింగ్ లేదు. భయపడే పిల్లలకు ఎంత ఊరటో! దవడ పళ్లలో పుచ్చును రెండేళ్లపాటు 80 శాతం దాకా ఆపుతుంది.

పిల్లలకు ఆరోగ్య పరీక్షలు చేసే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు బడుల్లో పళ్లు ఎలాగూ చూడాలి. వాళ్లతో డెంటిస్టునూ పంపి, ఒకటి రెండు తరగతుల పిల్లలకు, మళ్లీ రెండో దవడ పళ్లు వచ్చే పన్నెండేళ్లప్పుడు సీలెంట్లు వేయించండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) బడుల్లో ఈ ఏడాదే మొదలుపెట్టాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక తల్లి, కంచరపాలెం