పుస్తక విభాగం వార్షిక నివేదిక: వంద పుస్తకాల జాబితాను ఎందుకు పీకేశామంటే

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో మీరంతా చేతులెత్తి ఆమోదించిన తీర్మానం ఒకటుంది: అందరూ చదవదగ్గ వంద పుస్తకాల జాబితా తయారుచేయాలని. తయారుచేశాం. అచ్చుతప్పులు దిద్ది మరీ నోటీసు బోర్డుకు అంటించాం. రెండు నెలల్లో దాని ముందు నిలబడి చదివినవాళ్లు చాలామందే కనిపించారు. అందులోంచి ఒక్క పుస్తకం అడిగి పట్టుకెళ్లినవాళ్లు మాత్రం లేరు.

జాబితాలో ఉన్నవన్నీ పెద్ద పేర్లే. కానీ 'తప్పక చదవాలి' అనే మాట చెవిన పడగానే ఎవరికైనా పరీక్షల రోజులు గుర్తొస్తాయి. పైగా వందలోంచి తనకు సరిపోయేది ఏరుకునే శ్రమంతా చదివేవాళ్ల నెత్తినే పెట్టాం. ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయ శాస్త్రానికి ఐదు సూత్రాలు చెప్పారు. నాలుగోది పాఠకుడి సమయం ఆదా చేయమంటుంది. మేం సరిగ్గా దాన్నే మరిచిపోయాం. మూడో నెలలో జాబితా పీకేశాం.

ఆ తర్వాత నెలకొకరు, ఒక్క పుస్తకం, పది నిమిషాలు అనుకున్నాం. కథంతా చెప్పేయకూడదు. నచ్చిన పేజీ ఒకటి పైకి చదవాలి. చివర్లో, ఈ పుస్తకం ఎవరికి నచ్చకపోవచ్చో కూడా చెప్పాలి. ఈ ఆఖరి షరతు మీద కార్యవర్గంలో గట్టి వాదనే నడిచింది. "మనమే వద్దంటే ఇంకెవరు చదువుతారండీ?" అన్నారు ఒక పెద్దాయన. తీరా చూస్తే జనం నమ్మింది ఆ మాటనే.

టీచరుగా రిటైరైన మన సభ్యురాలొకరు 'రైలుబడి' తెచ్చారు. జపాన్ రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన చిన్ననాటి బడి గురించి 1981లో వెలువరించిన పుస్తకానికి తెలుగు అది. ఆ బడిలో పాత రైలు పెట్టెలే తరగతి గదులు. అంతకుముందు చదివిన బడివాళ్లు ఆ అల్లరిపిల్లను భరించలేక పంపేస్తారు. తల్లి ఆ సంగతి కూతురికి ఇరవయ్యేళ్లు దాటేదాకా చెప్పదు. ఆ భాగం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "మలుపులూ ఉత్కంఠా కావాలనుకునేవాళ్లు దీని జోలికి రావొద్దమ్మా" అన్నారావిడ. ఆ సాయంత్రమే ముగ్గురు పేర్లు రాయించుకున్నారు. వాళ్లలో ఇద్దరి ఇళ్లలో బడికి వెళ్లనని మొండికేసే పిల్లలున్నారని తర్వాత తెలిసింది.

'కన్యాశుల్కం' సంగతి వేరు. మొదటిసారి 1892లో ప్రదర్శించిన నాటకం అది. గురజాడ దాన్ని బాగా పెంచి, మార్పులు చేసి 1909లో మళ్లీ అచ్చువేయించారు. ఇవాళ మన చేతుల్లో ఉండేది ఆ రెండోదే. దీన్ని మౌనంగా చదవబోయి నాలుగు పేజీలకే ఆగిపోయామన్నారు కుర్రాళ్లు. మాటలన్నీ గొంతుతో పలకడానికి రాసినవి కదా, పాత్రలు పంచుకుని పైకి చదువుదామన్నాం. గిరీశానికి నలుగురు పోటీపడ్డారు. లుబ్ధావధాన్లకు మాత్రం ఎవరూ ముందుకు రాలేదు, చివరికి ఆ భాగ్యం కార్యదర్శికే దక్కింది. రెండు సమావేశాలు పట్టినా సగం కూడా పూర్తి కాలేదు. మిగతాది ఇంటికి తీసుకెళ్లి చదువుకున్నామని కొందరు చెప్పారు. నాకు ఈ ఏడాది మొత్తంలో తృప్తినిచ్చిన కబురు ఇదే.

టైము లేదనేవాళ్లకు నవల ఇవ్వడం మానేశాం. ఒక్క కథ ఇస్తున్నాం. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' అలా ఎక్కువ చేతులు మారింది. 1952లో అంతర్జాతీయ కథల పోటీలో బహుమతి పొందిన కథ అని చెబితే ఎవరూ కదల్లేదు. "రైలు ప్రయాణం, తుఫాను, ఒక బిచ్చగత్తె" అంటే మాత్రం వెంటనే చెయ్యి చాపారు.

ఇక ఏదైనా నేర్చుకోవడానికి చదివే పుస్తకాలు. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. 'వైద్యుడు లేని చోట' చాలా మంచి పుస్తకం. డేవిడ్ వెర్నర్ మెక్సికో కొండల్లోని పల్లె జనం కోసం 1970లలో తయారుచేసినది, బొమ్మలతో సహా అందరికీ అర్థమవుతుంది. మేం ఎవరో ఇచ్చిన పాత ప్రతిని అచ్చయిన సంవత్సరం చూడకుండానే బయటికిచ్చాం. నర్సుగా పనిచేస్తున్న సభ్యురాలు పట్టుకున్నారు: మందులూ మోతాదులూ కాలంతో మారతాయి, పాత ముద్రణ చూసి ఎవరైనా వాడితే ఏం కాను? అప్పటినుంచి ఆరోగ్యం, చట్టం, కంప్యూటరు పుస్తకాలకు అట్ట మీదే ముద్రణ సంవత్సరం ఎర్ర సిరాతో రాస్తున్నాం. కథల పుస్తకానికి వయసొస్తే అందం, వీటికి వయసొస్తే ప్రమాదం.

సెప్టెంబరు నుంచి ప్రతి పుస్తకంలో 'ఆగిన పేజీ' అనే కార్డు పెడుతున్నాం. చదవలేక వదిలేస్తే ఎక్కడ, ఎందుకు ఆపారో ఒక్క ముక్క రాయాలి. మొదట్లో అందరూ సిగ్గుపడ్డారు. ఒక లావుపాటి నవల కార్డు మీద "40, పేర్లు గుర్తుండట్లేదు", దాని కింద వేరే చేతిరాతతో "నాకూ అంతే, కాగితం మీద వంశవృక్షం గీసుకున్నా, అప్పుడు సాగింది" అని ఉంది. ఆ వంశవృక్షం కాగితం ఇప్పుడు పుస్తకంలోనే ఉంది. తర్వాత తీసుకున్నావిడ చివరిదాకా చదివారు.

జమాఖర్చులు కోశాధికారి విడిగా చదివి వినిపిస్తారు. వచ్చే ఏడాది నెలవిడిచి నెల పిల్లలే పెద్దలకు పుస్తకం చెప్పాలన్న ప్రతిపాదన ఉంది, మీ ఆమోదం కావాలి.

ఆఖరుగా ఒక మనవి. 'రైలుబడి' ఎనిమిది వారాలుగా ఎవరి దగ్గరుందో తెలియదు, ఇంకా ఐదుగురు వరసలో ఉన్నారు. తీసుకెళ్లినవారు దయచేసి తిరిగివ్వండి. పూర్తి కాకపోతే కార్డు మీద పేజీ నంబరు వేసి ఇచ్చినా చాలు.

ఇట్లు,
కార్యదర్శి, పుస్తక విభాగం