తమ్ముడి మైకు గురించి నాన్నగారికి

సాల్‌ఫర్డ్, ఇంగ్లండ్
నవంబరు 9

నాన్నగారికి, అమ్మకు నమస్కారాలు.

మేము క్షేమం. ఇక్కడ వారం రోజులుగా ముసురు. కేబుళ్లు ఆరబెట్టడమే నా ఉద్యోగం అన్నట్టుంది.

తమ్ముడు విలేకరిగా కుదిరాడుగా, కాలరుకు పెట్టుకునే బుల్లి వైర్‌లెస్ మైకు పంపమన్నాడు. నేను పంపుతున్నది గరిటె కాడంత ఉంటుంది. పెట్టె విప్పి మొహం ముడుచుకుంటాడు. మైకు సంగతి వాడికి చెప్పడం కంటే మీకు చెప్పడం తేలిక. పర్లాకిమిడిలో మీ మైకు సెట్టు లేకుండా ఏ పెళ్లి జరిగిందని!

ఇది ఎలక్ట్రో-వాయిస్ వాళ్ల ఆర్‌ఈ50. పాటగాళ్లు పట్టుకునే ఎస్‌ఎం58 మైకు ఎదురుగా వచ్చే గొంతునే ఎక్కువగా అందుకుంటుంది, వెనక చప్పుడు తగ్గిస్తుంది. ఇది అలా కాదు, చుట్టూ వింటుంది. మీ మొదటి మాట నాకు ఇక్కడికే వినబడుతోంది: “సభలో పెడితే కూత పెట్టదురా?” పెడుతుంది, స్పీకరు చప్పుడు మళ్లీ దీనిలోకే దూరుతుంది కాబట్టి. కానీ వీధిలో విలేకరి ముందు స్పీకరు పెట్టెలు ఉండవు. ఎదుటి మనిషి మాట్లాడుతూ తల తిప్పినా, తమ్ముడు మైకు జరపడం కాస్త ఆలస్యమైనా మాట జారిపోదు. నోటికి దగ్గర పెడితే గొంతు బరువెక్కడం, గాలికి బుసకొట్టడం కూడా దీనిలో తక్కువ.

చేతి రాపిడి వినిపించకుండా లోపలి మైకును బయటి గొట్టానికి తగలకుండా వేలాడదీశారు. దీని పెద్దన్న 635ఏ. మేకులు కొట్టినా పనిచేస్తుందని దానికి సుత్తి అనే ముద్దుపేరు ఉంది. మీరు మాత్రం కొట్టి చూడకండి.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వెళ్లిన మర్నాడు తమ్ముడు ఫోనులో తీసి పంపిన వీడియో గుర్తుందా? ఇల్లు కూలిన ముసలావిడ సవర భాషలోనూ తెలుగులోనూ కలిపి ఏదో చెబుతోంది. పెదవులు కదులుతున్నాయి, వినబడేది గాలి ఒక్కటే. నాలుగుసార్లు పెట్టుకుని విన్నాను, రెండు ముక్కలు కూడా దొరకలేదు. ఈ ఉద్యోగంలో ఎవరు మైకు ఎంపిక చేయమన్నా నాకు ఆవిడే గుర్తొస్తుంది. గిడుగు పంతులుగారు సవరల ఎదుట కూర్చుని మాట మాట చెవితో పట్టుకున్న ఊరు మనది. ఫోను చేతిలో ఉండీ మనం ఒక్క వాక్యం పట్టలేకపోయాం.

వాడికి ఈ నాలుగు ముక్కలు గట్టిగా చెప్పండి. మైకు గడ్డం కింద జానెడు దూరంలో ఉండాలి. బజారులో ఆటోల రొద ఉంటే ఇంకా దగ్గరకు తేవాలి, ఎందుకంటే ఇది ఆటోలనూ అంతే శ్రద్ధగా వింటుంది. ఉంగరం తీసెయ్యాలి. కేబులును చేతిలో ఒక చుట్టు చుట్టుకుంటే ఎవరి కాలు తగిలినా కనెక్టరు దాకా లాగుడు రాదు. అన్నిటికంటే ముఖ్యం, మైకు ఎదుటివాడి చేతికి ఇవ్వకూడదు. అప్పట్లో ఒక సభలో ఓ నాయకుడి చేతికి మైకు ఇచ్చి, భోజనాల వేళ దాటినా తిరిగి తీసుకోలేక మీరు పందిరి గుంజ పక్కన నిలబడ్డారు. ఆ కథ వాడికి మళ్లీ చెప్పండి.

దీనికి బ్యాటరీ అక్కర్లేదు. అయితే వచ్చే సిగ్నలు చాలా సన్నం, నేరుగా ఫోనుకు తగిలిస్తే ఫోను గుర్తించకపోవచ్చు. అందుకే మధ్యలో పెట్టే చిన్న పెట్టె కూడా వేశాను. నురగ టోపీలు రెండు ఉన్నాయి, గాలి ఉన్నా లేకపోయినా ఒకటి తొడిగే ఉంచమనండి.

కేబులు మాత్రం పంపడం లేదు. పది మీటర్లు అక్కడే కొని మీరే టంకం వెయ్యండి. కనెక్టరు ఒకటో పిన్నుకు షీల్డు జాలీ, రెండు మూడింటికి వైర్లు. తమ్ముడి చేతికి ఇస్తే ఆ రెండూ తారుమారు చేస్తాడు.

మీ
పెద్దబ్బాయి