మంత్రిగారూ, నా పైఅధికారి ఎవరు?

గౌరవనీయులైన మంత్రిగారికి,

గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్‌గా పనిచేస్తున్నవాడు నమస్కరించి రాసుకునేది. 2019 అక్టోబరు బ్యాచ్ వాణ్ని. ఈ సంగతి మీదే కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ మూడుసార్లు ఇచ్చాను. మూడుసార్లూ అది తిరిగి తిరిగి మా మండలానికే వచ్చింది. ఎవరి గురించి మొరపెట్టుకున్నానో వాళ్లే ‘పరిష్కరించబడింది’ అని మూసేశారు. ఇక నలుగురి ముందూ అడగక తప్పడం లేదు.

నా గోడు ఒక్కటే సార్. నాకు పైఅధికారి ఎవరు?

పంచాయతీ కార్యదర్శి ఉన్నారు. ఎంపీడీవో గారు ఉన్నారు. రోడ్లూ డ్రైన్లూ అంటే పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు), కుళాయిలూ ట్యాంకులూ అంటే ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా) ఏఈ, ఇళ్లంటే హౌసింగ్ ఏఈ. సర్వేలకూ యాప్‌లకూ జిల్లా నుంచి ఇంకొకరు. మొత్తం ఆరుగురు. తలా ఒక వాట్సాప్ గ్రూపు, గ్రూపుకో ఎక్సెల్ షీటు, అన్నిట్లోనూ ఎర్ర రంగులో నా సచివాలయం పేరు.

మొన్న ఒకటో తారీఖు చూడండి. తెల్లారకముందే పింఛన్ల డబ్బుతో బయల్దేరాను. మంచం దిగలేని ఒక అవ్వకి వేలిముద్ర పడక, వేలు కొంగుతో తుడిచి మూడోసారి పెట్టిస్తుంటే హౌసింగ్ నుంచి ఫోను: ఫలానా ఇంటి స్లాబు ఫోటో యాప్‌లో ఎక్కించలేదేం? పింఛన్లలో ఉన్నాను సార్ అన్నాను. ‘అది నాకనవసరం’ అన్నారు. పరుగున ఆ ఇంటికి పోయి మేడెక్కేసరికి మండలం నుంచి ఫోను: పింఛన్లు నూరు శాతం కాకుండా సైటుకెవరు పొమ్మన్నారు? ఫోటో తీయకుండానే దిగాను. సాయంత్రానికి రెండు మెమోలు. పింఛన్లు వదిలి వెళ్లినందుకొకటి, ఫోటో ఎక్కించనందుకొకటి. రెండిట్లోనూ ఒకటే మాట, ‘విధుల పట్ల నిర్లక్ష్యం’. ఫోటో లేక ఆ ఇంటాయనకి స్లాబు బిల్లు పడలేదు. మేస్త్రీకి వడ్డీకి తెచ్చి ఇచ్చాడట, నన్ను నడివీధిలో తిట్టాడు. ఆయన తిట్టడంలో తప్పేం లేదు.

పని చెప్పడానికి ఆరుగురు, సెలవిచ్చే దగ్గర ఒక్కరూ కనపడరు. చెల్లి పెళ్లికి నాలుగు రోజులు అడిగితే కార్యదర్శి గారు మండలానికి పొమ్మన్నారు, మండలంలో మీ ఏఈ సంతకం తెమ్మన్నారు, ఏఈ గారు ‘ఏ ఏఈ?’ అన్నారు. చివరికి పెళ్లిపందిట్లో కూర్చుని సర్వే ఎంట్రీలు కొట్టాను.

దూరవిద్యలో ఎంబీఏ కట్టాను లెండి. గనుల కంపెనీ నడిపిన ఫ్రాన్సు ఇంజనీరు ఫేయోల్ 1916లోనే రాశాడు, ఉద్యోగికి ఆజ్ఞ ఇచ్చేది ఒక్కరే అయ్యుండాలని. అమెరికాలో టేలర్ అనే ఇంకో ఇంజనీరు మాత్రం కార్మికుడి మీద ఎనిమిది మంది ఫోర్‌మన్‌లు ఉండొచ్చన్నాడు. మన ప్రభుత్వం టేలర్ పక్షం కాబోలు అనుకున్నాను. కానీ ఆ మహానుభావుడు ఎనిమిది మందికీ పని పంచాడు సార్. వేగం చూసేవాడు వేగమే చూస్తాడు, మరమ్మతు చూసేవాడు మరమ్మతే. మ్యాట్రిక్స్ అని ఇంకో పద్ధతి ఉంది, అందులో బాసులిద్దరుంటే ముందు వాళ్లిద్దరూ కూర్చుని మాట్లాడుకోవాలి. మా ఆరుగురూ ఒకచోట కూర్చోగా నేను చూసింది జెండా వందనం నాడే.

2025లో రేషనలైజేషన్ (సిబ్బంది సర్దుబాటు) అని సచివాలయాల్ని ఏ, బీ, సీ అని మూడు రకాలు చేసి, సిబ్బందిని 6, 7, 8గా కుదించారు. సంతోషం. మా పైవాళ్ల లెక్క ఎప్పుడు తీస్తారు? ఒక్కరిని చూపించండి చాలు. ఎవరైనా సరే, కోపిష్టి అయినా సరే, ఒక్కరిని.

పేరు రాయనందుకు మన్నించండి. రాస్తే ఏ గ్రూపులోంచి మెమో వస్తుందో తెలియదు. దీనికి జవాబంటూ ఇస్తే మాత్రం దయచేసి మా మండలానికి పంపకండి.

ఇట్లు,
ఒక ఇంజనీరింగ్ అసిస్టెంట్