రక్తం తక్కువైన మనిషికి రక్తనాళాల మందా?

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది. ఎవడో వీడియోలో "అజాసిటిడిన్ కొత్త రక్తనాళాలు పుట్టకుండా ఆపేస్తుంది" అన్నాడని ఇంట్లో అందర్నీ హడలగొట్టావట కదా, పిన్నిగారు ఫోన్లో చెప్పారు. నెలనెలా రక్తం ఎక్కించుకుంటున్న మనిషికి రక్తనాళాల్ని ఆపే మందేమిటని నీ అనుమానం. అడగదగ్గ ప్రశ్నేలే. తీరిగ్గా రాస్తున్నాను, కాఫీ పెట్టుకుని చదువు.

ముందు భయం తీరుస్తా. బాబాయిగారికి ఆ ఇంజెక్షను ఇస్తున్నది రక్తనాళాల కోసం కాదురా. ఆయనకున్న ఎండీఎస్ అనే రక్తపు జబ్బులో మూలుగలో రక్తకణాలు పుడుతూనే ఉంటాయి గానీ సరిగ్గా ఎదగవు. చాలా మటుకు రక్తంలోకి రాకముందే చచ్చిపోతాయి. ఆ కణాల్లో కొన్ని జన్యువుల మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు అతిగా పడి ఉంటాయి. పెద్ద గ్రంథంలో కొన్ని పేజీలు జిగురుతో అంటించేస్తే అక్షరాలు చెక్కుచెదరకుండానే ఉంటాయి, చదవడమే కుదరదు చూడు, అలాగన్నమాట. కణం కొత్త డీఎన్ఏ తయారు చేసుకునేటప్పుడు అజాసిటిడిన్ అందులో ఒక అక్షరంలా నటించి దూరిపోతుంది. గుర్తు వేయడానికొచ్చిన ఎంజైము దాన్ని పట్టుకుని అక్కడే ఇరుక్కుంటుంది. కొత్త కణాలకు ఆ గుర్తులు తగ్గిపోతాయి. అంటే కణం విభజన జరిగితేనే మందు పని చేస్తుంది, అందుకే ఆలస్యం. 28 రోజులకోసారి 7 రోజులు ఇవ్వడం (దాన్నే ఒక సైకిల్ అంటారు), మొదటి సైకిళ్లలో రక్తకణాల కౌంట్లు ఇంకా పడిపోవడం మామూలే. ఫలితం తేలడానికి నాలుగు నుంచి ఆరు సైకిళ్లు పట్టొచ్చు. రెండయ్యాక "ఏం లాభం లేదు" అని మానేసేవాళ్లను తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

ఈ మందు పాతదేరా. 1964లో ప్రాగ్‌లో తయారు చేశారు, కణాల్ని చంపే మామూలు మందనుకునే. తర్వాత పీటర్ జోన్స్ అనే శాస్త్రవేత్త వాళ్లు పెట్రీ డిష్‌లో ఎలుక కణాల మీద వేస్తే అవి కండరాలుగా మారి కదలడం మొదలెట్టాయి! 1980లో ఆయనా షర్లీ టేలరూ కలిసి దాని కారణం మిథైల్ గుర్తులు పోవడమేనని చూపించారు. అమెరికాలో ఎండీఎస్‌కు అనుమతి వచ్చేసరికి 2004 అయింది. 2013లో మన హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ అక్కడ జెనెరిక్ దించింది.

ఇక రక్తనాళాల సంగతి. ఇది వేరే కథ, నాకు మహా ఇష్టమైన కథ. జూడా ఫోక్‌మన్ అనే సర్జన్ 1960ల్లో అమెరికా నేవీ ల్యాబులో కుందేలు థైరాయిడ్ గ్రంథిని బయట బతికించి, దానిలో కేన్సర్ కణాలు పెట్టి చూశాడు. మిల్లీమీటరో రెండో పెరిగి అక్కడే ఆగిపోయాయి. కొత్త నాళాలు రాకపోతే గడ్డ పెరగదని 1971లో రాస్తే చాలామంది నమ్మలేదు. ఆ మనిషి ఏళ్ల తరబడి ఎగతాళి భరించాడు. 1998లో న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో ఆయన పని గురించి వార్త రాగానే మాత్రం అందరూ రెండేళ్లలో కేన్సరే ఉండదన్నంత హడావుడి చేశారు. నన్నడిగితే ఆ ఎగతాళి కంటే ఈ హడావుడే ఎక్కువ చెడు చేసింది. చివరికి కొత్త నాళాల్ని ఆపే మందు బెవాసిజుమాబ్ వచ్చింది, అదీ 2004లోనే. పెద్దపేగు కేన్సర్ ముదిరినవాళ్లకు కీమోతో కలిపి ఇస్తే మధ్యస్థ ఆయుష్షు 15.6 నెలల నుంచి 20.3కు పెరిగింది. తక్కువేం కాదు, కానీ అద్భుతమూ కాదు. రొమ్ము కేన్సర్‌కు ఇచ్చిన అనుమతినైతే 2011లో వెనక్కి తీసుకున్నారు.

ఫోక్‌మన్ పనిచేసింది బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో. మీ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం చేసిన అమినోప్టెరిన్ అనే మందును ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా (రక్తపు కేన్సర్) పిల్లలకు ఇచ్చి చూసింది కూడా అక్కడే, 1940ల చివర్లో. ఆయన ఏళ్ల తరబడి వెంటపడిన ఫోలిక్ ఆసిడ్డే మన ఒంట్లో ఆ మిథైల్ గుర్తులకు సరుకు అందించే దారిలో ఉంటుంది. నీ ఉత్తరం చూడగానే నాకు మొదట గుర్తొచ్చింది ఆయనే.

సరే, ఈ రెండు కథలూ ఎక్కడ కలుస్తాయంటావా? నాళాలు పెరక్కుండా ఆపే బ్రేకులు ఒంట్లో పుట్టుకతోనే ఉంటాయి, త్రాంబోస్పాండిన్ లాంటివి. కొన్ని కేన్సర్లలో ఆ జన్యువు మీద మిథైల్ గుర్తులు పడి అది మూగబోతుంది. 2010లో హ్యూస్టన్‌లో అనిల్ సూద్ బృందం ఇంకో చిత్రం చూపించింది. గడ్డ పంపే సంకేతాలకు నాళపు గోడ కణాల్లోనే ఈజెడ్‌హెచ్‌2 అనే ఎంజైము పెరిగి, వాసోహిబిన్ అనే బ్రేకును నోరు మూయిస్తుందట. అంటే కేన్సర్ తన జన్యువులతోనే కాదు, పక్కనున్న మంచి కణాల జన్యువులతో కూడా ఆడుకుంటుంది! గుర్తులు చెరిపేస్తే బ్రేకులు మళ్లీ పడతాయి కదా అన్నదే ఆశ. డిష్‌లోనూ ఎలుకల్లోనూ అది జరిగింది. నీ వీడియోవాడు చెప్పింది ఆ ముక్కే, ఎలుక అన్న మాట మింగేసి.

మనుషుల్లో మిథైల్ గుర్తులు చెరిపే ఈ మందులు నిలబడింది ప్రధానంగా రక్తపు కేన్సర్లలో. గట్టి గడ్డల్లో నాళాలు ఆపడానికి అజాసిటిడిన్ వాడటం మామూలు వైద్యం కాలేదు. పైగా గడ్డల్లోని నాళాల మీద పనిచేసే శాస్త్రవేత్త, మన రాకేశ్ జైన్ లేవనెత్తిన చిక్కొకటుంది: గడ్డలోని నాళాలు వంకరటింకరగా, కారుతూ ఉంటాయి. వాటిని పూర్తిగా ఎండగడితే కీమో లోపలికి చేరేదెలా? కాస్త సరిచేయడమే మేలంటాడాయన. నాకూ ఆ వాదనే సబబుగా తోస్తుంది.

బాబాయిగారికి 100.4 దాటి జ్వరమొస్తే క్రోసిన్ వేసి తెల్లారేదాకా చూడొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. మందు ఆపాలా వద్దా అన్నది వాళ్ల డాక్టరుగారి మాటే, నీదీ కాదు నాదీ కాదు. ఇంకోటి, పోయిన మూడు సైకిళ్ల సీబీసీ రిపోర్టులు ఫోటో తీసి పంపు. ప్లేట్‌లెట్ల అంకె మీద నీ బొటనవేలు పడకుండా తియ్యరా బాబూ.

నీ
ప్రసాదు